డెబ్బై అయిదు చేతులు

డెబ్బై అయిదుకు డెబ్బై అయిదూ నిండిపోయాయి. ఖాళీగా ఒక్క చెయ్యి కూడా మిగల్లేదు. చేవెళ్ల వదిలి మెహిదీపట్నం పోతున్న బస్సులో, కిటికీ పక్కన, ఒళ్లో తెరిచిన లాప్‌టాప్ మీద వనిత ఆ అంకెనే చూస్తోంది. అది కదలడం లేదు. అవతల తలుపు దగ్గర వందల మంది. పెళ్లికి ఫంక్షన్ హాలు బుక్ చేసుకుందామని నూరుపందిళ్లు వెబ్‌సైట్‌కు వచ్చినవాళ్లు. వాళ్లందరికీ కనిపిస్తున్నది ఒక తెల్లటి పేజీ, దాని నడుమ గుండ్రంగా తిరిగే చుక్కలు, అంతే. వరసగా ఇది ఏడో రోజు. చెవిలో దయానందం సార్ గొంతు. కంపెనీ ఆయనది, అప్పు ఆయనది, బీపీ కూడా ఆయనదే.

"వనితా, తొమ్మిదింటికి హాళ్లోళ్లతోని నాకు కాల్ ఉన్నది. వాళ్లకు సాకులొద్దు, పేరు కావాలె. నీ నంబర్లు తప్పా, ప్రభాకర్ కోడ్ తప్పా? తొమ్మిదింటికి నువ్వే చెప్పాలె. చెప్పలేదనుకో, సర్వర్ నీ చేతుల్లకెల్లి తీస్తున్న. మళ్ల టెస్టింగ్‌ల కూసుంటవ్."

"చెప్త సార్."

"చెప్త కాదమ్మా. పేరు."

ఫోన్ పెట్టేశాడు. లాప్‌టాప్ మూలన ఎనిమిదీ పది. యాభై నిమిషాలు. భయపడాలి కదా, అనుకుంది వనిత. చేతులు వణకాలి, గొంతు ఆరిపోవాలి, కానీ ఎక్కడా ఏమీ కావడం లేదు. కిటికీలోంచి చల్లటి గాలి. రోడ్డు పక్కన ఎవరో తొట్టిలోకి దిగి క్యారెట్లు కాళ్లతో తొక్కి కడుగుతున్నాడు, నీళ్లు ఎర్రమట్టి రంగులో పొర్లుతున్నాయి, ఆ తర్వాత బంతితోట, ఆ తర్వాత తెల్ల ప్లాస్టిక్ కప్పిన పూల షెడ్లు, వాటి మీద పొద్దు. నెత్తి మీద కత్తి వేలాడుతున్నా ఈ గంట తనకు ఇష్టం. ఆఫీసు ఇంకా రాలేదు, ఇల్లు వెనకబడింది, మధ్యలో ఉన్నంతసేపూ తన బుర్ర తనది. చిక్కుముడి ఒళ్లో ఉంటే మరీ ఇష్టం. ఆ సర్వర్‌ను ఎవరో లాక్కుంటారన్న తలపు వచ్చినప్పుడు మాత్రం లాప్‌టాప్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. చీర పోతే అట్లా కాదు, ఉద్యోగం పోయినా అట్లా కాదేమో. మూడేళ్లుగా దాని ఊపిరి తనకు తెలుసు. ఎప్పుడు ఆయాసపడుతుందో, ఎప్పుడు హాయిగా ఉంటుందో.

మూడేళ్ల కింద, ఆఫీసులో సీనియర్ ప్రభాకరన్న బోర్డు మీద డబ్బాలు గీసి చెప్తున్నాడు. ఇది ప్రాసెస్, ఇది థ్రెడ్. ప్రాసెస్ అంటే వేరే ఇల్లు, దాని సామాను దానిదే. ఒక ప్రాసెస్‌లోని థ్రెడ్లన్నీ ఒకే సామాను వాడుకుంటాయి. వచ్చిన ఒక్కొక్క మనిషికీ ఒక్కొక్క థ్రెడ్ పని చేసిపెడుతుంది, ఆ పని అయ్యేదాకా ఇంకొకరి వైపు చూడదు. వనిత ఫక్కున నవ్వింది. "ఏందే, ఎందుకు నవ్వినవ్?" అన్నాడు. "ఇది మా అమ్మ పని గదన్నా" అంది. ఎంకమ్మ పెళ్లిళ్లకు వంట చేస్తుంది. చేవెళ్ల, షాబాద్, మొయినాబాద్, ఎక్కడ పందిరి పడితే అక్కడ. ఐదు పొయ్యిలు పెట్టిస్తుంది, ఒక్కొక్క పొయ్యి దగ్గర ఉప్పుడబ్బా వేరు, కారం వేరు, నూనె వేరు, దాని చుట్టూ ఉండే చేతులు మాత్రం అన్నీ ఆ ఒక్క డబ్బాలోంచే తీసుకోవాలి. ఒక చెయ్యి మర్చిపోయి ఉప్పు రెండోసారి వేసిందంటే ఆ పొయ్యి కూరంతా పోయినట్టే, పక్క పొయ్యికి మాత్రం ఏమీ కాదు. పొయ్యిలు ఎక్కువ పెడదామంటే కట్టెలు, గిన్నెలు, జాగా చాలవు. ఒకే పొయ్యి చుట్టూ చేతులు ఎక్కువ పెడదామంటే మోచేతులు మోచేతులు తాకి అన్నీ కింద పడతాయి. ఎన్ని పొయ్యిలు, పొయ్యికి ఎన్ని చేతులు, ఇంతే మొత్తం విద్య. ప్రభాకరన్న చాక్‌పీసు బల్ల మీద పెట్టేసి, "ఇగ సర్వర్ నువ్వే చూస్కో" అన్నాడు. ఆ సాయంత్రం బస్సులో తను ఎవరితోనూ మాట్లాడకుండా నవ్వుకుంటూ ఇంటికి వచ్చింది.

ఐదు ప్రాసెస్‌లు. ఒక్కొక్కదానికి పదిహేను థ్రెడ్లు. డెబ్బై అయిదు చేతులు. ఆ లెక్క ఊరికే వేసింది కాదు, రెండు వారాలు కూర్చుని, మెమరీ కొలిచి, మనిషికి ఎంతసేపు పడుతుందో కొలిచి పెట్టింది. మూఢం నడిచినన్నాళ్లూ పెళ్లిళ్లు లేవు, సైటు నిద్రపోయింది. మూఢం పోయిన మర్నాడు, మంగళవారం, జనం ఒక్కసారి వచ్చి పడ్డారు. వచ్చినా మంచిదే, తట్టుకోవాలి, తట్టుకుంది, పొద్దంతా గుర్రంలా పరుగెత్తింది. ఉన్నట్టుండి ఒక వేళకు చేతులన్నీ నిండిపోయి నిలబడిపోయింది. లేపితే లేచి ఐదు నిమిషాలకు మళ్లీ పడిపోయింది. ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయకుండానే దానంతట అదే బాగైంది, జ్వరం దిగినట్టు. బుధవారం అదే కథ. పొయ్యిలు ఎనిమిది చేసింది; మెమరీ చాలక మిషన్ మొత్తం మూలిగింది, చిన్న వాకిట్లో ఎనిమిది పొయ్యిలు పెడితే అంతే మరి. శుక్రవారం చేతులు పెంచింది, పొయ్యికి ఇరవై అయిదు. నూట ఇరవై అయిదూ నిండాయి, కొంచెం ఆలస్యంగా, అంతే తేడా. శనివారం మళ్లీ పాత లెక్కకే వచ్చింది. ఆకలి ఎక్కువై గిన్నె చాలకపోవడం కాదిది. ఎవరో వచ్చి చేతులు పట్టుకుని కూర్చుంటున్నారు. డెబ్బై అయిదు పెడితే డెబ్బై అయిదు, నూట ఇరవై అయిదు పెడితే నూట ఇరవై అయిదు.

దొంగ రోజూ వస్తున్నాడు. రోజుకో వేళకు వస్తున్నాడు. సర్వర్ సముద్రాల అవతల ఎక్కడో కిరాయి గదిలో ఉంది, దాని గడియారం అక్కడిదే, మనకంటే ఐదున్నర గంటలు వెనక. ఆఫీసులో అందరూ ఆ గడియారంతోనే మాట్లాడుకుంటారు, అలవాటైపోయింది. మంగళవారం తొమ్మిదిన్నర నుంచి పదకొండు. బుధవారం ఆరున్నర నుంచి ఎనిమిది. గురువారం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర. శుక్రవారం ఐదు నుంచి ఆరున్నర. శనివారం మూడున్నరకు, ఆదివారం పదకొండుకు, ఇవ్వాళ రెండింటికి. వేళ మారుతుంది కానీ కొలత మారదు, ప్రతి రోజూ గంటన్నర, గీత గీసినట్టు. పోటీ సైటువాళ్లు చేయిస్తున్నారని ఒకరు, వైరస్ అని ఒకరు. ఎవడైనా దొంగ అయితే శనివారం, ఆదివారమైనా సెలవు తీసుకోడా అని తను.

ఇంకొక సంగతి ఉంది, ఎవరికీ చెప్పని సంగతి. దయానందం సార్‌కు చెబితే యాభై నిమిషాలు కాదు, అర నిమిషంలో తేల్చేస్తాడు. నిండిపోయిన డెబ్బై అయిదు చేతులూ ఒకే చోట ఉన్నాయి, చివరి పేజీలో. హాలు చూసి, తేదీ ఎంచుకుని, పేర్లు రాసి, ఇక "ఖాయం చేయండి" అన్న మీట నొక్కడమే మిగిలిన పేజీ. ఆ పేజీ రాసింది ప్రభాకరన్న. ఒకే తేదీని రెండు కుటుంబాలు నొక్కితే మొయినాబాద్‌లో కొట్లాటలే అవుతాయని హాళ్లవాళ్లు మొత్తుకుంటే, పేజీ తెరిచి ఉన్నంతసేపూ ఆ తేదీ వాళ్ల చేతిలోనే ఉండేట్టు రాశాడు. ఒక థ్రెడ్ ఆ తేదీని పట్టుకుని వాళ్ల కోసం నిలబడుతుంది. మొదట ఐదు నిమిషాల గడువు పెట్టాడు. పెండ్లి పనిల తొందరపెడితె ఎట్ల అని హాళ్లవాళ్లే తీయించారు. తీస్తే ఏమైంది, ఆఫీసులో ఎనిమిది మంది కూర్చుని నూరుసార్లు నొక్కి చూశారు, మనిషికి ఇరవై సెకన్లు, ముప్పై సెకన్లు, మీట నొక్కుతారు, చెయ్యి ఖాళీ అవుతుంది. మిగతా రోజంతా అలాగే అవుతోంది కూడా. ఆ గంటన్నరలోనే ఆ పేజీ ఎందుకు కొయ్యబారిపోతుంది? ఏడు రోజులుగా ప్రభాకరన్న చేవెళ్ల దగ్గరి ప్రొద్దుటూరు నుంచి బండి మీద పొద్దున్నే వచ్చి, ఆ కోడ్‌ను అక్షరం అక్షరం చదివి, కళ్లు ఎర్రగా చేసుకుని తిరిగి పోతున్నాడు. నిన్న ఫోన్ చేశాడు.

"నా పేరే చెప్పు వనితా. నాకైతె అండ్ల ఏం దొరుకుత లేదు. ఉత్తగ నీ సర్వర్ పోవుడెందుకు?"

"నోర్ముయ్యన్నా. వదినె అన్నం పెట్టలేదా ఏంది, గిట్ల మాట్లాడుతున్నవ్?"

నవ్వాడు కానీ ఆ నవ్వులో బలం లేదు. ఇప్పుడు ఆ పేరు నాలుక మీదే ఉంది. మూడు అక్షరాలో నాలుగు అక్షరాలో, చెప్పేస్తే అయిపోతుంది, రుజువు కూడా ఉంది, డెబ్బై అయిదు రుజువులు. సర్వర్ తన దగ్గరే ఉంటుంది. చెప్పొచ్చు. చెప్పి, రేపు ఇదే కిటికీ పక్కన కూర్చుని ఇదే గాలి పీల్చొచ్చు. పీల్చగలుగుతుందా?

బస్సు గుద్దినట్టు ఆగింది. కనకమామిడి దగ్గర క్యారెట్ బస్తాల ట్రాక్టర్ ఒకటి చక్రం ఊడి రోడ్డుకు అడ్డంగా కూర్చుంది. కండక్టర్ దిగి, "మామా, బండిని పండబెట్టినవ్, దుప్పటి గూడ కప్పు!" అని అరుస్తున్నాడు. ఎనిమిదీ ఇరవై ఎనిమిది. పక్క సీట్లో చేవెళ్లలో ఎక్కిన పెద్దావిడ, జరీ అంచు చీర, ఒళ్లో స్టీలు డబ్బా, ఇందాకటి నుంచి లాప్‌టాప్‌లోకి తొంగి చూస్తూనే ఉంది. ఇక ఆగలేకపోయింది.

"ఎవలి బిడ్డవే?"

"ఎంకమ్మ బిడ్డను, పెద్దమ్మా."

"వంట ఎంకమ్మనా? ఓయమ్మో! మా పెద్దోని పెండ్లికి ఆమెనే గద వండింది. గా పప్పుచారు గురించి ఇప్పటికీ చెప్పుకుంటరు మావోళ్లు. నేను సుగుణమ్మను, బజార్ల బట్టల దుకాణం మాదే. నువ్వేం పని జేస్తవ్?"

"కంప్యూటర్ పని."

"అది ఎరుకనే, గా డబ్బ కనవడుత లేదా? అండ్ల ఏం జేస్తవ్?"

ఏమని చెప్పాలి? "మస్తు మంది ఒక్కసారె వస్తె తొక్కులాడుకోకుండ, ఎవల పని వాళ్లకు అయ్యేటట్టు చూస్త."

"అంటె కండక్టర్‌వా!"

"గట్లనే అనుకో" అని వనిత పకపకా నవ్వింది. ముప్పై రెండు నిమిషాల్లో కత్తి మెడ మీదికి రాబోతుంటే ఇట్లా నవ్వుతున్నానేమిటి అనుకుంది, ఆ అనుకోవడానికి కూడా నవ్వొచ్చింది. సుగుణమ్మ చిన్న కొడుకు విక్రమ్ పెళ్లట, మెహిదీపట్నంలో చెల్లెల్ని తోడు తీసుకుని చీరలకు పోతోందట. ఇల్లు మాత్రం ఏడూ ఇరవైకే వదిలి బస్టాండ్‌లో బెంచీ మీద ముప్పావుగంట కూర్చుందట. "ఎందుకంత పొద్దుగాల?" అని అడిగేలోపే ఆవిడ ఫోన్ మోగింది. అవతల ఎవరో ఆడపిల్ల గొంతు, విసుగ్గా.

"ఆఁ సాయిప్రియా, చెప్పు. అన్నీ నింపినవా? పిల్ల పేరు సక్కగ రాసినవా? మంచిది. ఇగ ఆడ్నే ఆగు. ఒత్తకు. నీకు దండం పెడత, ఒత్తకు బిడ్డా. తొమ్మిది దాటనియ్యి. గంట సేపు తెరిచి ఉంటె ఏం అరిగిపోతది? మూయకు! మూస్తే తేదీ వేరెటోళ్లకు పోతదంట. నువ్వు గా బల్ల దగ్గరికెల్లి లేవకు, మీ బాపుకు చెప్పు, చాయ్ ఆయన్నే పెట్టుకొమ్మను. తొమ్మిది గొట్టినంక దేవునికి దండం పెట్టి ఒత్తు."

వనిత చెయ్యి కీబోర్డు మీదే నిలిచిపోయింది. ట్రాక్టర్ దగ్గర అరుపులు ఎక్కడో దూరంగా వినిపిస్తున్నాయి. గంట సేపు తెరిచి ఉంటె. మూయకు. ఒత్తకు. వేళ్లు వాటంతట అవే కదిలి చివరి పేజీ జాబితా తెరిచాయి, డెబ్బై అయిదు వరసలు, ఒక్కొక్క చెయ్యి ఎవరి కోసం నిలబడిందో, ఎంతసేపటి నుంచి నిలబడిందో. యాభై ఒక్క నిమిషాలు, నలభై ఏడు, నలభై నాలుగు, ఆ నలభై నాలుగు దగ్గర మొయినాబాద్‌లో ఒక హాలు, వరుడు విక్రమ్, చేవెళ్ల. కోడ్ కొయ్యబారలేదు. చెయ్యి చచ్చుబడలేదు. అది చేయాల్సిన పనే చేస్తోంది, సాయిప్రియ కోసం తేదీని పట్టుకుని ఓపికగా నిలబడి ఉంది. ఇట్లా డెబ్బై అయిదు ఇళ్లు, డెబ్బై అయిదు బల్లలు, బల్ల ముందు చదువుకున్న పిల్ల ఒకతె, వెనకాల నిలబడి గోడ గడియారం చూస్తున్న తల్లో, నాయనమ్మో, మేనత్తో. ఆఫీసులో నూరుసార్లు నొక్కి చూసినప్పుడు ఏ కుర్చీ వెనకా ఎవరూ లేరు. ఎనిమిది మందికీ ఇళ్లలో అట్లాంటి పెద్దవాళ్లు ఉన్నారు, ఎనిమిది మందీ వాళ్ల మాట వినే ఇల్లు దాటారు, ఆఫీసు గేటు దగ్గర బ్యాడ్జి మెళ్లో వేసుకోగానే ఆ మాట మర్చిపోయారు.

"పెద్దమ్మా, తొమ్మిదింటిదాక ఎందుకాగాలె?"

సుగుణమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "అది ఉన్నది గదే, ఏడున్నర నించి. పెండ్లి మాట మాట్లాడేటప్పుడు దాని పేరెత్తొద్దు. అందుకే గద నేను అది రాకముందే ఇల్లు దాటి బస్టాండ్ల కూసున్న."

"మరి మంగళారం నాడు?"

"మూడు నించి నాలుగున్నర."

తొమ్మిదిన్నరకు ఐదున్నర కలిపితే మధ్యాహ్నం మూడు. "బుధారం?"

"పగటీలి పన్నెండు. గింత సదువుకున్నవ్, గది గూడ ఎరుక లేదా? మీయమ్మ పొయ్యి ముట్టించాల్నంటె పంచాంగం చూడకుండ ముట్టిస్తదా?"

ఆరున్నరకు ఐదున్నర, పన్నెండు. గురువారం ఒకటిన్నర. శుక్రవారం పదిన్నర. శనివారం తొమ్మిది. ఆదివారం నాలుగున్నర. ఒకదాని తర్వాత ఒకటి తాళంచెవుల్లా తిరిగాయి, ఏడు తాళాలు. సముద్రాల అవతలి గడియారంలో దాక్కున్నాడు దొంగ, ఇక్కడి గడియారంలో అయితే పసిపిల్లలైనా పట్టేసుకునేవాళ్లు. దుకాణం గోడ మీద వేలాడే క్యాలెండర్‌లో ప్రతి తేదీ కింద అచ్చువేసి ఉన్న సంగతి. సర్వర్ రాసుకునే లాగ్‌లన్నీ చదివారు, క్యాలెండర్ ఎవరూ చదవలేదు. ప్రభాకరన్న తప్పు రాయలేదు. తనూ తప్పు లెక్క వేయలేదు. రెండు వందల చేతులు పెట్టినా నిండేవి, రెండు వేలు పెట్టినా నిండేవి, ఆగమన్న ఇంటికల్లా ఒక చెయ్యి ఆగిపోతుంటే ఏ పొయ్యి చాలుతుంది? అసలు తేదీని పట్టుకోవడానికి మనిషిలాంటి చెయ్యి ఎందుకు, ఒక చీటీ చాలు. ఈ తేదీ ఫలానావాళ్లదని డేటాబేస్‌లో ఒక వరస రాసిపెట్టి, చెయ్యిని ఇంకో పనికి వదిలేస్తే వాళ్లు గంటన్నర కాదు, పొద్దుగూకేదాకా ఆగినా ఎవరికీ నష్టం లేదు. సాయంత్రానికల్లా అయిపోయే పని. ప్రభాకరన్నా, చూడు, చూడన్నా, అని లోపల ఎవరో చప్పట్లు కొడుతున్నారు. బయటికి మాత్రం డబ్బాలోంచి సుగుణమ్మ ఇచ్చిన అరిసె ముక్క నములుతూ కూర్చుంది. ఆ తీపి, ఆ నువ్వుల వాసన, బస్సు మళ్లీ కదిలినప్పుడు మొహానికి తగిలిన గాలి, అన్నీ ఒకటిగా కలిసిపోయాయి.

మొయినాబాద్ వచ్చేసరికి ఎనిమిదీ యాభై ఏడు. డ్రైవర్ చాయ్‌కి దిగాడు. వనిత అంకెను చూస్తోంది. డెబ్బై అయిదు. యాభై ఎనిమిది. డెబ్బై అయిదు. ఒకవేళ తప్పయితే? కదలకపోతే? తొమ్మిదైనా ఆ చేతులు అట్లాగే నిలబడి ఉంటే ఇక మిగిలేది ఒకే పేరు. యాభై తొమ్మిది. సుగుణమ్మ మణికట్టు మీద చిన్న గడియారాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని పెదాలు కదుపుతోంది. తొమ్మిది.

డెబ్బై అయిదు. ఇంకా డెబ్బై అయిదే. డెబ్బై రెండు. యాభై ఎనిమిది. ముప్పై ఒకటి. ఇన్ని ఇళ్లలో ఇంతమంది ఒక్కసారి దండం పెట్టి నొక్కారు. పదకొండు. రెండు. తలుపు బయట నిలబడ్డవాళ్లు బిలబిలా లోపలికి వచ్చి పడుతున్నారు, పని అవుతోంది, పోతున్నారు, సర్వర్ మళ్లీ హాయిగా ఊపిరి పీలుస్తోంది. పక్కనుంచి సుగుణమ్మ కేక: "అయ్యిందా? దొరికిందా? నా తల్లే! చెప్పిన గద నీకు, ఆగుమని!"

ఫోన్ మోగింది. దయానందం సార్.

"తొమ్మిదయ్యింది వనితా. సైట్ లేచినట్టున్నది, దాని సంగతి తర్వాత. హాళ్లోళ్లు అందరు లైన్ల ఉన్నరు, వింటున్నరు. పేరు చెప్పు. ప్రభాకరేనా?"

"ప్రభాకరన్న కాదు సార్. నా నంబర్లు గూడ కాదు. ఏడు రోజుల సంది ఎవలు వస్తున్నరో, ఎప్పుడు వస్తున్నరో, రేపు ఎన్ని గంటలకు వస్తరో గూడ చెప్త. రేపు మూడింటికి వస్తది."

"వస్తదా? ఏందది? పేరు చెప్పమంటె కథలు చెప్తున్నవేంది?"

వనిత సుగుణమ్మ వైపు చూసింది. ఇప్పుడు ఆ పేరెత్తొచ్చా అని కళ్లతోనే అడిగింది. పెద్దావిడకు ఏమర్థమైందో, గడియారం మరొకసారి చూసుకుని, తొమ్మిదీ రెండు, దాటిపోయింది, ఫికర్ లేదన్నట్టు తల ఊపింది. వనిత ఫోన్‌ను నోటికి దగ్గరగా పెట్టుకుని, ముందు సీటు నుంచి వెనక సీటు దాకా బస్సంతా తిరిగి చూసేలా, గట్టిగా చెప్పింది.

"రాసుకోండి సార్. రాహుకాలం."